చింతపండు నీళ్ళు

కలెక్టరాఫీసు రికార్డు గదిలో
ఫ్యాను వెయ్యొద్దన్నాడు గుమాస్తా.
కాగితాలు ఎగిరిపోతాయట.
ఎనభై ఏళ్ళుగా కదలనివి
ఇవాళ నా వల్ల కదులుతాయేమోనని ఆయన భయం.
చెమట చుక్క రాలకుండా
మోచెయ్యి ఎత్తిపట్టుకుని పేజీలు తిప్పాను.

బాంబులు పడిన ఆ ఏప్రిల్ నెల
పదకొండు పేజీల ఫైలు.
ఇసుక బస్తాలెన్ని,
దీపాలకి చుట్టిన నల్లకాగితం ఎన్ని దస్తాలు,
అన్నిటికీ లెక్కుంది, కింద సంతకముంది.
ఊరు ఖాళీ అయిన సంగతి మాత్రం
ఒక్క ముక్కలో తేల్చేశాడు:
"జనం తరలినారు."

నాకు కావలసింది అది కాదు.
పైడితల్లి వేషం కట్టే జెసింత
మొదటిరోజే అడిగింది:
"సర్, పరిగెత్తేటప్పుడు నా చేతుల్లో ఏముంటుంది?"

కురుపాం మార్కెట్ దాటి,
కోటవీధి పక్క సందుల్లోంచి దిగువకి,
సముద్రం ఇంకా కనబడకముందే
వాసన ఎదురొచ్చే చోట
మైలపల్లి నూకరత్తమ్మ ఇల్లు.
నన్ను ఓటర్ల లిస్టు రాసేవాణ్ణనుకుంది.
నాటకం అంటే నవ్వింది.
"ఏటీ, ఆ గోలని మళ్ళీ ఆడతారా?
జనం డబ్బులెట్టి సూస్తారా?"

సైరన్ గురించి అడిగాను.
మూడో అంకమంతా దాని మీదే కట్టాను మరి,
రెండు నిమిషాల మోత.

"కూసిందో నేదో.
నాకు గేపకం ఉన్నది పొయ్యి.
అమ్మ గడప దాటింది, తాళమేసింది.
మా ముగ్గుర్నీ ఈదిలో నిలబెట్టి
మళ్ళీ తాళం తీసింది.
నోపలికెల్లి పొయ్యిలో నీళ్ళు పోసొచ్చింది,
ఇల్లు కాలిపోద్దని.
పైనుంచి బాంబులు పడతంటే
దానికి పొయ్యంటే బయ్యం."

నోట్‌బుక్‌లో గీత కింద గీత గీశాను.

మంచం మీంచి తమ్ముడు వరహాలు
దగ్గుకుంటూ లేచాడు.
"నీళ్ళెక్కడివే?
కుండ బోర్లించుంది. అమ్మింకా బావికెల్లనేదు.
పోసింది కవళ్ళ పులుసు."
"నువ్వప్పుడు సంకలో ఉన్నావురా, నీకేటి తెల్సు?"
"అమ్మే సెప్పింది. సెప్పి నవ్వేది."
"అది నవ్వేది కాదు."
"నవ్వేదే."

తొంభైకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు
నాకిచ్చిన టీ చల్లారిపోతుండగా
తల్లి నవ్వేదా కాదా అని తగువులాడారు.
ఏ ఫైలు తీసి తేల్చను?

తిరిగొస్తూ బీచిలో కాసేపు కూచున్నాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం
తన పాటికి తాను తిరుగుతోంది.
అప్పటికి ఆ లైట్‌హౌస్ అక్కడ లేదని
పొద్దున్నే ఎక్కడో చదివాను.
వెనక తెర మీద దాన్ని ఎంతో ముచ్చటపడి వేయించాను.
రాసుకున్నాను: సున్నం కొట్టించాలి.

మర్నాడు రిహార్సల్లో సైరన్ తీసేశాను.
సౌండు కుర్రాడు రెండురోజులు
నాతో మాట్లాడలేదు.
సామాన్లు చూసే సన్యాసి మాత్రం
నెత్తి గోక్కుంటూ వచ్చాడు.
"రోజూ చేపల పులుసంటే హాలువాళ్ళు ఊరుకోరండి."
చింతపండు నీళ్ళు చాలన్నాను,
చిటికెడు పసుపేసి.

జెసింత తాళం వేసింది.
పిల్లలుండాల్సిన చోట
సుద్దతో గీసిన మూడు సున్నాలు.
వాటి దాకా వచ్చి ఆగింది.
చేతుల వంక చూసుకుంది.
వెనక్కి వెళ్ళి, తాళం తీసి,
దాక ఎత్తి
కుంపట్లోకి వంచింది.

సుయ్‌మంది.
బూడిద లేచింది, పుల్లటి ఆవిరి లేచింది.
కిటికీ దగ్గర సౌండు కుర్రాడు
హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకున్నాడు.

"సర్, ఇక్కడ నవ్వాలా?"

తెలీదమ్మా అన్నాను.
ఒకరోజు నవ్వు, ఒకరోజు మానెయ్.
ముందు ఆ నేల తుడవండి ఎవరైనా,
జారుతోంది.